మా సారా ఉద్యమం గురించి చదవాలన్నా ఇంగ్లండే పోవాలా?

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన వారం మీ పేపర్లో చదువుల పేజీ చూశాను, విదేశాల్లో పీజీ గురించి పేజీ నిండా వేశారు, డేటా సైన్స్, సైబర్ సెక్యూరిటీ, ఎంబీఏ, సప్లై చైన్ అన్నీ ఫొటోలతో సహా ఉన్నాయి, కింద మూలన చిన్న బాక్సులో ఇతర కోర్సులు అని పెట్టి అందులో "కల్చర్, ఇంటర్నేషనల్ డెవలప్‌మెంట్" అని ఒక్క ముక్క రాసి వదిలేశారు. మా అమ్మాయి చదివింది ఆ ఒక్క ముక్కే. అందుకే ఈ ఉత్తరం. కొంచెం పొడుగైంది, కత్తిరించుకోండి, కానీ చివర్లో ఉన్న వాచకం సంగతి మాత్రం తీసెయ్యొద్దు, నాకు అసలు పని దాంతోనే.

నేను నెల్లూరు జిల్లా వాడిని, కావలి వైపు. ఇన్సూరెన్స్ ఏజెంటుని. మా అమ్మాయి తిరుపతిలో బీఏ చేసి మూడేళ్లు అనంతపురం వైపు ఊళ్లలో తిరిగే ఉద్యోగం చేసి, 2024 సెప్టెంబర్లో ఇంగ్లండ్ పోయింది ఈ కోర్సుకి. ఏడాది కోర్సు. పోయే ముందు ఒక కన్సల్టెన్సీకి తీసుకెళ్లా, అక్కడ కుర్రాడు పేపర్లు చూసి "అంకుల్, ఇది వద్దు, ఇదే ఫీజుకి బిజినెస్ అనలిటిక్స్ వేయిద్దాం, సీటు గ్యారంటీ" అన్నాడు. మా పక్కింటాయనైతే కల్చర్ అంటే డాన్సా అన్నాడు. చుట్టాల పెళ్లిలో ఎవరో అడిగితే నేనే ఏం చెప్పాలో తెలీక "ఎంఎస్ చేస్తోందిలే" అని తప్పించుకున్నా, తర్వాత సిగ్గేసింది.

ఇంతకీ ఆ కోర్సులో ఏం చెప్తారు? నాకు అర్థమైన కాడికి చెప్తా. ఒకరోజు వీడియో కాల్లో మా అమ్మాయి లెసోతో అనే దేశం గురించి చెప్పింది, చుట్టూ దక్షిణాఫ్రికా ఉండి మధ్యలో ఇరుక్కున్న చిన్న దేశం. 1975లో వరల్డ్ బ్యాంకు, కెనడా వాళ్లు కలిసి అక్కడ థాబా-త్సెకా అనే కొండ ప్రాంతంలో పెద్ద ప్రాజెక్టు పెట్టారంట, రోడ్డు వేసి, పశువుల జాతి బాగుచేసి, మార్కెట్ తెచ్చి రైతుల్ని పైకి తెద్దామని. వాళ్ల రిపోర్టుల్లో అక్కడి జనం బయటి లోకం ఎరగని రైతులు. నిజానికి అక్కడి మగాళ్లు తరతరాలుగా దక్షిణాఫ్రికా గనుల్లో కూలికి పోయేవాళ్లు, ఇళ్లు గడిచేది ఆ జీతాలతో. పశువుల్ని అమ్మండయ్యా అంటే అమ్మరు, ఎందుకు అమ్మరు అంటే పాతకాలం బుద్ధి, సంప్రదాయం అని రాసుకున్నారు ఆఫీసర్లు. జేమ్స్ ఫెర్గూసన్ అనే ఆయన అక్కడే మకాం పెట్టి చూసి 1990లో పుస్తకం వేశాడు, అందులో ఆ గుట్టు విప్పాడు. గనిలో చేసేవాడి చేతిలో రొక్కం ఉంటే పెళ్లాం ఇంటి ఖర్చుకి అడుగుద్ది, చుట్టాలు అడుగుతారు, అదే పశువు చేసి పెడితే దాన్ని అమ్మి డబ్బు ఇమ్మని అడిగే ఆనవాయితీ లేదు, ఒళ్లు అరిగి గని నుంచి ఇంటికొచ్చిన రోజున అదే వాడి పెన్షన్. ప్రాజెక్టు 1984లో మూతపడింది, అనుకున్న పశువుల మార్కెట్టు రాలేదు, రోడ్డూ గవర్నమెంట్ ఆఫీసులూ మిగిలాయి.

నాకు ఈ కథ ఒక్కసారికే ఎక్కింది. ముప్పై ఏళ్లు పాలసీలు అమ్మినోడిని కదా. మన ఆడవాళ్లు చీటీ పాడుకున్న డబ్బుతో చెవి కమ్మలో, అర సవర బంగారమో కొనిపెట్టుకునేది సోకుకి అనుకుంటాం, కాదు, అది రొక్కంగా ఇంట్లో ఉంటే తెల్లారేసరికి ఎటు పోద్దో వాళ్లకి తెలుసు కాబట్టి. బ్యాంకువాడికి అది "నిరుపయోగమైన పొదుపు". లెసోతో ఎద్దు, కావలి కమ్మలు, రెండూ ఒకటే లెక్క. ఇది చదువు కాదా? అమ్మాయితో అంటే నవ్వి "నువ్వు మా క్లాసులో కూర్చోవాల్సినోడివి నాన్నా" అంది.

పెద్ద పెద్ద సంస్థలు కూడా ఈ విషయం ఆలస్యంగానే పట్టించుకున్నాయంట. ఐరాసలో చదువు, సంస్కృతి చూసే యునెస్కో వాళ్లు 1982లో మెక్సికోలో మీటింగ్ పెట్టి సంస్కృతిని వదిలేసి అభివృద్ధి లేదన్నారు, 1988 నుంచి 1997 దాకా దానికోసం ఒక దశాబ్దమే ప్రకటించారు, ఐరాస పాత సెక్రటరీ జనరల్ పెరెజ్ డి కుయ్యార్ ఛైర్మన్‌గా కమిషన్ వేసి 1995లో రిపోర్టు కూడా తెచ్చారు. ఇంత చేసి 2015లో ఐరాస దేశాలు అభివృద్ధికని 17 లక్ష్యాలు, 169 టార్గెట్లు రాసుకున్నప్పుడు సంస్కృతికి ఒక లక్ష్యం విడిగా పెట్టలేదు, 11వ లక్ష్యం కింద సాంస్కృతిక, ప్రకృతి వారసత్వాన్ని కాపాడాలి అని ఓ లైన్ పడేశారు. మీ పేపర్లో మూలన బాక్సు మాదిరే. (కోపం తెచ్చుకోకండి.)

సరే అసలు సంగతికి వస్తా. 2025 ఎండాకాలంలో మా అమ్మాయి డిసర్టేషన్, అంటే కోర్సు చివర పరిశోధన వ్యాసం, రాయాల్సి వచ్చింది, టాపిక్ ఏం తీసుకున్నావమ్మా అంటే "మన సారా ఉద్యమం" అంది. నేను కుర్చీలోంచి లేచినంత పని అయింది. ఎందుకంటే 1991లో నేను డిగ్రీ తప్పి ఖాళీగా ఉన్న రోజుల్లో అక్షరాస్యత ఉద్యమంలో వాలంటీరుని. జీతం లేదు, ఏం లేదు. పొద్దుగూకాక లాంతరు పట్టుకుని పోయి ఊరి చివర వేపచెట్టు కింద ఆడవాళ్లకి అ ఆలు చెప్పేవాళ్లం. ఊరూరా పాటలు, ఆటలతో తిరిగే కళాజాతాలో డప్పు కూడా కొట్టేవాణ్ణి. జన విజ్ఞాన వేదిక వాళ్లు, టీచర్లు, కాలేజీ పిల్లకాయలు, అందరం కలిసి ఊరూరా తిరిగినం. కోలాటం పాటలకి, నాట్ల పాటలకి కొత్త మాటలు కట్టి పాడేవాళ్లం, ఎందుకంటే మా సొంత ట్యూన్లకి ఎవరూ చప్పట్లు కూడా కొట్టలేదు, నాట్ల పాట ఎత్తుకోంగానే వెనక వరసలో ఉన్న ముసలామె కూడా గొంతు కలిపేది.

ఆ వాచకాల్లో సీతమ్మ కథ అని ఒక పాఠం ఉంటది. సారా తాగి నాశనమైన ఇంటి కథ. ఆ పాఠం వచ్చిన రోజు నాకు ఇప్పటికీ గుర్తు, ఒకామె వేలు పెట్టి అక్షరం అక్షరం కూడబలుక్కుంటా చదువుతా ఉంటే మిగతావాళ్లు నోరెత్తలేదు, అయిపోయాక "ఇది రాసినోడికి మా ఇల్లెట్టా తెలుసు" అని అడిగింది ఇంకొకామె. మా జిల్లాలోనే దూబగుంట అనే ఊళ్లో ఆడవాళ్లు సారా షాపు మూయించింది అందరికీ తెలిసిందే, వర్ధినేని రోశమ్మ పేరు పేపర్లలో వచ్చింది. తర్వాత వాచకంలో ఆ దూబగుంట సంగతే "ఆడవాళ్లు ఏకమైతే" అని పాఠంగా పెట్టారు, అది చదివి ఇంకో ఊరు, ఆ ఊరి సంగతి విని ఇంకో ఊరు. 1992లో జిల్లాలో సారా పాటలు, అంటే వేలం పాటలు, జరగనియ్యలేదు, కలెక్టరాఫీసు ముందు ఆడవాళ్లే. 1993 ఏప్రిల్లో నెల్లూరు జిల్లాలో సారా బంద్, అదే ఏడాది అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా బంద్, 1995 జనవరికి సంపూర్ణ మద్య నిషేధం. అప్పటికి రాష్ట్రానికి ఎక్సైజ్ మీద ఏడాదికి 800 కోట్ల పైన వచ్చేది, ఆ డబ్బుకి అడ్డం పడింది లాంతరు వెలుగులో అక్షరాలు దిద్దుకునే కూలి ఆడవాళ్లు. నిషేధం ఎక్కువ కాలం నిలబడలేదు, 1997లో ఎత్తేశారు, అది వేరే కథ, దాని మీద ఇంకో ఉత్తరం రాయొచ్చు.

ఇప్పుడు చూడండి, అక్షరాస్యత మిషన్ వాళ్ల లెక్కల్లో మేం చెప్పిన చదువు పాస్ అయిందా లేదా అని ఎట్టా చూసేవాళ్లో తెలుసా? నిమిషానికి 30 మాటలు గట్టిగా చదవాలి, చూసి 7 మాటలు రాయాలి, చెప్తుంటే 5 మాటలు రాయాలి. ఇట్లాంటివే ఇంకొన్ని, లెక్కలతో కలిపి. సారా షాపు మూయించడానికి ఫారంలో కాలమ్ లేదు. నేనే నింపా ఆ ఫారాలు. షాపు ముందు మూడు రోజులు కూర్చున్నామె నిమిషానికి 18 మాటలే చదివింది, ఫెయిలని రాశాను. నా చేత్తోనే.

మా అమ్మాయికి ఇది చెప్తే చాలాసేపు మాట్లాడలేదు. ఆ వాక్యం ఆమె డిసర్టేషన్లో మొదటి పేజీలో ఉందిప్పుడు.

వాళ్ల గైడు ఘనా దేశపు ఆవిడ. మొదటి డ్రాఫ్టు చూసి, పాఠంలో ఏముందో బాగా రాశావు కానీ ఆ పాఠాన్ని ఎవరు గట్టిగా చదివారు, ఎవరు వింటా కూర్చున్నారు, లాంతరు ఎవరింటిది, కిరసనాయిలు ఎవరు పోశారు, ఆ టైముకి ఇంట్లో పిల్లల్ని ఎవరు చూసుకున్నారు, ఇవి లేవే అని అడిగిందంట. ఘనాలో పుట్టినావిడకి మా వేపచెట్టు కింద లాంతరు మీద ఉన్న ఆలోచన ముప్పై ఏళ్లలో నాకు రాలేదు. కిరసనాయిలు ఆ ఆడవాళ్లే రేషన్లో వచ్చిందాంట్లోంచి వంతులేసుకుని తెచ్చేవాళ్లు. అంటే వాళ్ల ఇంట్లో దీపం ఆర్పి మా క్లాసులో వెలిగించారు.

ఆ తర్వాత వచ్చింది నాకు పరీక్ష. "నాన్నా, షాపు ముందు మొదట కూర్చుంది ఎవరు?" అని అడిగింది. మా ఊరి ఆడాళ్లే అన్నా. పేర్లు చెప్పమంది. వాలంటీర్ల పేర్లు పదకొండు గడగడా చెప్పా, ఎవరు డోలక్, ఎవరు డప్పు, ఎవరు సైకిల్ మీద కిందపడ్డాడు, అన్నీ. ఆడవాళ్ల దగ్గరకొచ్చేసరికి "ఫలానా వాళ్ల కోడలు, ఫలానా వాడి పెళ్లాం" తప్ప రాలేదు. మా ఆవిడదీ ఆ ఊరే లెండి, పక్కన చాట పెట్టుకుని బియ్యంలో రాళ్లు ఏరతా ఉంది, తలెత్తకుండానే తొమ్మిది పేర్లు చెప్పింది, ఎవరు ఏ వాడలో ఉండేవాళ్లో, ఎవరు చనిపోయారో కూడా. అందులో ఆరుగురు మాల, మాదిగ వాడల వాళ్లు. "మైకు నీ దగ్గరుంటే ఉద్యమం నీదైపోయిందా" అంది, నన్ను కాదు, చాటతో అన్నట్టు. అమ్మాయి అదంతా ఫోన్లో రికార్డు చేసుకుంది. నేను ఇన్నేళ్లు ఏ మీటింగులో మాట్లాడమన్నా మాట్లాడిన మనిషిని, ఆ రోజు నుంచి మానేశా.

కల్చర్, డెవలప్‌మెంట్ అనే చదువు ఇదీ. డాన్స్ కాదు.

ఇక నా కంప్లయింటు. ఈ చదువుకి కావాల్సిన సరుకంతా మన ఊళ్లలో ఉంది, బడి మాత్రం వేరే దేశంలో. ఇది ఇప్పటిది కాదు కూడా. 1940లో కొమురం భీం చనిపోయాక గోండుల గొడవ ఏందో చూడమని నిజాం సర్కారు హైమన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా ఆయన్ని ఆదిలాబాద్ పంపింది, ఆయన మార్లవాయిలో కాపురం పెట్టి గోండు కుర్రాళ్లనే టీచర్లుగా తయారుచేసే ట్రైనింగు సెంటరు పెట్టించాడు, గోండి భాషలో వాచకాలు వేయించాడు, భూముల పట్టాల కోసం పోరాడాడు. అభివృద్ధి ముందా సంస్కృతి ముందా అని ఎవరూ కొట్టుకోకముందే రెండూ కలిపి చేసిన పని అది. తర్వాత ఆయన లండన్లో సోయాస్ అనే కాలేజీలో ప్రొఫెసర్ అయ్యాడు, అక్కడ తరాల తరాల పిల్లలకి చెప్పాడు. భార్యాభర్తల సమాధులు మార్లవాయిలోనే ఉన్నాయి, పాఠం మాత్రం లండన్లో ఉంది. ఉస్మానియాలో పనిచేసిన ఎస్.సి. దూబే శామీర్‌పేట మీద 1955లో పుస్తకం వేశాడు, పల్లెల మీద చదువుకి ప్రపంచమంతా పేరున్న పుస్తకం, శామీర్‌పేట చెరువు దగ్గర ఆదివారం బిర్యానీ తినేవాళ్లలో ఎంతమందికి తెలుసో చెప్పండి. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఉంది, దళిత ఆడవాళ్లు కొర్రలు, సామలు, జొన్నలు పాత విత్తనాలు కాపాడి ఎడ్లబండ్ల మీద ఊరేగించి పాత పంటల జాతర చేస్తారు, 2008లో సొంతంగా సంఘం రేడియో పెట్టుకున్నారు, 2019లో ఐరాస వాళ్ల ఈక్వేటర్ ప్రైజ్ వచ్చింది. ఆ రేడియో గురించి మా అమ్మాయి మొదట విన్నది ఇంగ్లండ్ క్లాసులో, పక్కన బ్రెజిల్ పిల్ల "మీ ఊరికి ఎంత దూరం" అని అడిగితే చెప్పలేకపోయిందంట.

ఇక్కడ ఏం లేదా అంటే, ముక్కలుగా అన్నీ ఉన్నాయి. రాజేంద్రనగర్‌లో గ్రామీణాభివృద్ధి సంస్థ ఉంది, 1958లో ముస్సోరీలో పుట్టి తర్వాత హైదరాబాద్ వచ్చింది, దేశమంతటి నుంచి ఆఫీసర్లు అక్కడికే ట్రైనింగుకి వస్తారు. టిస్ (టాటా వాళ్ల సామాజిక శాస్త్రాల సంస్థ) హైదరాబాద్‌లో డెవలప్‌మెంట్ స్టడీస్ పీజీ ఉంది. గచ్చిబౌలి సెంట్రల్ యూనివర్సిటీలో జానపద సంస్కృతి మీద కేంద్రం ఉంది. వరంగల్లో తెలుగు యూనివర్సిటీ వాళ్ల జానపద గిరిజన విజ్ఞాన పీఠం ఉంది. కానీ బుర్రకథ చదివే పిల్లోడు బుర్రకథలో ఛందస్సు, వేషం, వాయిద్యం గురించి చదువుతాడు, ఆ బుర్రకథ వల్ల ఏ ఊళ్లో ఏం కదిలిందో అడగడు. అభివృద్ధి చదివే పిల్లోడు ఎక్సెల్ షీట్ వేస్తాడు, అందులో పాట ఉండదు. ఈ ఇద్దర్నీ ఒక్క గదిలో కూర్చోబెట్టి, తెలుగులో ఇంటర్వ్యూలు తీసుకుని తెలుగులో థీసిస్ రాసుకునే వీలుతో నడిచే పీజీ నాకైతే ఎక్కడా కనపడలేదు. ఉంటే ఎవరైనా మీ పేపర్లోనే రాయండి, నా మాట వెనక్కి తీసుకుంటా.

ఇందులో ఇంకో మెలిక ఉంది. విదేశాల్లో చదువుకి కేంద్రం వాళ్ల నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ అని ఒకటుంది, 1950ల నుంచీ ఉంది, ఎస్సీలకి, సంచార జాతుల వాళ్లకి, భూమిలేని కూలీల పిల్లలకి, చేతివృత్తుల వాళ్ల పిల్లలకి. ఏడాదికి 125 మందికి, ఇంటి ఆదాయం 8 లక్షల లోపు ఉండాలి. 2022లో దానికి కొత్త రూల్ పెట్టారు, భారతీయ సంస్కృతి, వారసత్వం, చరిత్ర, భారతదేశం మీద సామాజిక పరిశోధన, ఈ టాపిక్కులకి ఈ డబ్బు ఇవ్వం అని. మేం బీసీలం, మాకు ఆ స్కీం వర్తించదు, కాబట్టి ఇది నా కడుపుమంట కాదు, మేం లోను తీసుకున్నాం, ఇంటి కాయితాలు బ్యాంకులో ఉన్నాయి, కడతాం. కానీ ఆలోచించండి. మా ఆవిడ చెప్పిన తొమ్మిది పేర్లలో ఆరు పేర్లు ఏ వాడలవో పైన రాశాను. ఆ ఇంటి మనవరాలు వాళ్ల నాయనమ్మ చేసిన పని మీద పరిశోధన చేస్తానని ఫారం నింపితే స్కాలర్‌షిప్ రాదు, అదే లెసోతో పశువుల మీద చేస్తానంటే పరిశీలిస్తారు. నాయనమ్మ మీద రాయడానికి వేరే వాళ్ల అమ్మాయి కావాలి, లోను తెచ్చుకోగలిగిన ఇంటి అమ్మాయి, మా అమ్మాయి లాంటిది. ఇది మాకే ఎబ్బెట్టుగా ఉంది.

దీనికి అప్పట్లో చెప్పిన కారణం ఏందంటే, మన దేశం గురించి చదవడానికి విదేశం ఎందుకు, మన దగ్గర యూనివర్సిటీలు లేవా అని. సరే. మాట బాగానే ఉంది, నేనూ ఒప్పుకుంటా. మరి ఆ కోర్సు ఇక్కడ ఎక్కడ పెట్టారు చూపించండి. ఒక తలుపు మూసేటప్పుడు రెండోది తీసి మూయాలి కదా. పైగా అక్కడికి పోవడంలో సీటు, ఫీజు మాత్రమే కాదు సంగతి. అక్కడ మా అమ్మాయి పక్కన ఘనా, బ్రెజిల్, నేపాల్, ఇండోనేషియా పిల్లలు కూర్చున్నారు, ఒకళ్ల ఊరి సంగతి ఇంకొకళ్లకి అద్దం. లెసోతో ఎద్దు కథ వినకపోతే నాకు కమ్మల లెక్క తట్టేదా? అందుకే నన్నడిగితే ఆ రూలూ తీసెయ్యాలి, ఇక్కడ కోర్సూ పెట్టాలి, రెండూ. కోర్సు హైదరాబాద్‌లో పెట్టినా సరే, నెల్లూరులో విక్రమ సింహపురి యూనివర్సిటీ ఉంది, 2008లో పెట్టారు, సారా ఉద్యమం పుట్టిన జిల్లా, అక్కడ పెడితే ఇంకా మంచిది. పాఠాలు చెప్పడానికి ఆ ఆడవాళ్లనే పిలవొచ్చు, కొంతమంది ఇంకా ఉన్నారు, టీఏ డీఏ ఇచ్చి పిలవండి, ఒట్టి శాలువా కాదు.

ఉద్యోగాల సంగతి అడుగుతారు, దాచేదేం లేదు, ఇప్పుడు బాలేదు. 2025 జనవరిలో అమెరికా వాళ్లు విదేశీ సాయం ఆపేశారు, జూలై 1కి ఆ సాయం పంచే యూఎస్‌ఎయిడ్ అనే సంస్థే మూతపడింది, సరిగ్గా మా అమ్మాయి థీసిస్ రాసుకుంటున్న రోజుల్లో. ఇంగ్లండ్ వాళ్లు కూడా దేశ ఆదాయంలో సాయానికి ఇచ్చే వాటా 0.5 శాతం నుంచి 2027కి 0.3 చేస్తామన్నారు, ఒకప్పుడు 0.7 ఉండేది. జెనీవాలో ఉద్యోగం అనుకుని ఈ కోర్సుకి పోయే పిల్లలు ఒకటికి పదిసార్లు ఆలోచించుకోండి, ఫీజే 20 వేల పౌండ్లు దాటుద్ది, హెల్త్ సర్‌చార్జి అని వీసాతో పాటు ఏడాదికి 776 పౌండ్ల లెక్కన కట్టించుకుంటారు, ఇవి కన్సల్టెన్సీ వాళ్లు చివర్లో చెప్తారు. మా అమ్మాయి వెనక్కి వచ్చేసింది, పొదుపు సంఘాల మీద పనిచేసే చోట చేరింది, జీతం బిజినెస్ అనలిటిక్స్ చదివిన పిల్లలు తెచ్చేదాంట్లో సగం కూడా లేదు, చుట్టాలు లెక్కలేసి మరీ చెప్తున్నారు మాకు. తను మాత్రం ఆదివారం ఆదివారం స్కూటీ వేసుకుని మా ఊరు పోతోంది, ఆ తొమ్మిది మందిలో ఉన్న నలుగురి మాటలు రికార్డు చెయ్యడానికి. పోయిన వారం ఒకామె రెండు పాటలు పాడిందంట, నేను కట్టాననుకున్న పాట ఒకటి అందులో ఉంది, అది వాళ్ల అత్త దగ్గర నేర్చుకుందంట. ట్యూనే కాదు, సగం మాటలు కూడా పాతవే. సరే, అదీ పోయింది.

చివరిగా నేను ముందే చెప్పిన వాచకం సంగతి. ట్రంకు పెట్టెలో నా దగ్గర ఆ రోజుల నాటి వాచకాలు రెండు ఉన్నాయి, సీతమ్మ కథ ఉన్నది ఒకటి, అట్ట చిరిగింది కానీ పాఠాలన్నీ ఉన్నాయి, మార్జిన్లో నేర్చుకునే ఆడవాళ్లు పెన్సిల్‌తో దిద్దిన అక్షరాలు కూడా ఉన్నాయి. కళాజాతా పాటల నోటుబుక్కు ఒకటి, 60 పేజీలది, చెద కొంచెం తిన్నది. ఇంగ్లండ్‌లో వాళ్ల యూనివర్సిటీ లైబ్రరీ వాళ్లు స్కాన్ చేసి పెట్టుకుంటాం, ఒరిజినల్ ఇచ్చినా తీసుకుంటాం అన్నారు, పంపే ఖర్చు కూడా వాళ్లే పెట్టుకుంటారంట. మా అమ్మాయి ఒప్పుకోలేదు, నేనూ ఒప్పుకోలేదు. ఇక్కడ ఒక లైబ్రరీకి పోయి అడిగితే రిజిస్టర్లో ఎక్కించడానికి రేటు ఉండాలి, బిల్లు ఉందా అన్నారు. అప్పట్లో ఊరికే పంచిన పుస్తకానికి బిల్లు ఎక్కడ తెచ్చేది? కాబట్టి మీ పాఠకుల్లో యూనివర్సిటీ వాళ్లు గానీ, మంచి గ్రంథాలయం నడిపే వాళ్లు గానీ ఉంటే, జనం వచ్చి చూసుకునేలా అద్దాల బీరువాలో పెడతామంటే, మీ ఆఫీసుకి కబురు పెట్టమనండి. నేనే బస్సెక్కి తెచ్చి ఇస్తాను. సంక్రాంతి లోపల అయితే మంచిది, ఇంటికి సున్నం వేయిస్తున్నాం, మా ఆవిడ ఆ ట్రంకు పెట్టె తియ్యమంటోంది.

ఇట్లు,
ఒక పాత అక్షరాస్యత వాలంటీరు,
కావలి దగ్గర, నెల్లూరు జిల్లా.
(పేరు వెయ్యొద్దు, ఆ తొమ్మిది మంది పేర్లు వాళ్లని అడిగి పంపిస్తాను, అవి వెయ్యండి.)